పొయ్యి, గుంజ, రేవు: కృష్ణా – మూసీ ప్రాంతపు పడవల అమరికపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పడవల చరిత్రను రాసినవారు వాటి ఆకారాన్ని, తెరచాపను, అవి మోసిన సరుకును విస్తారంగా చర్చించారు. పడవలో నిప్పు ఎక్కడ ఉండేది, సరుకు తడవకుండా ఏం పరిచేవారు, రాత్రికి పడవను దేనికి కట్టేవారు అన్న ప్రశ్నలకు అంత చోటు దక్కలేదు. దక్షిణ తెలంగాణ పీఠభూమిలోని పుట్టిని, కృష్ణా గోదావరి డెల్టా కాలువల పడవను, ఇంగ్లండు కాలువల సన్నపడవను పక్కపక్కన పెట్టి ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పడవలో పొయ్యి ఉండడమూ లేకపోవడమూ దానిని కట్టివేసే రేవును బట్టి నిర్ణయమైందని ఇందులో ప్రతిపాదించడమైనది. 2008లో చట్టరూపం పొందిన నాలుగవ జాతీయ జలమార్గపు కృష్ణా భాగం ఎగువ కొసను అప్పుడు నల్లగొండ నేలమీద నిర్ణయించినందున, ఈ చర్చకు వర్తమాన ప్రయోజనం కూడా ఉంది.

కీలకపదాలు: పుట్టి, బల్లకట్టు, రేవు, లాకు, సన్నపడవ, మూసీ, వాడపల్లి, జలమార్గం.

1. ఉపోద్ఘాతం

భువనగిరి చరిత్ర చెప్పేవారు ఏకశిలా దుర్గంతో మొదలుపెట్టి, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు తలచి, చెరువుల మీదుగా నిజాం కాలానికి వస్తారు. ఆ కథనంలో పడవ కనిపించదు. దుర్గం ఎక్కి చూస్తే కనిపించేది రాతినేల, చెరువులు, తాటివనాలు. అయితే ఈ జిల్లా దక్షిణ భాగాన పోచంపల్లి, వలిగొండ ప్రాంతాల మీదుగా సాగే మూసీ, సూర్యాపేట దిక్కుగా పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లినే వజీరాబాదు అని కూడా పిలిచారు. 2008లో పార్లమెంటు చేసిన చట్టం కాకినాడ – పుదుచ్చేరి కాలువలతోపాటు గోదావరిలో భద్రాచలం – రాజమహేంద్రవరం భాగాన్ని, కృష్ణలో వజీరాబాదు – విజయవాడ భాగాన్ని కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. భువనగిరి నేలను తడిపే ఏరు కృష్ణను చేరే చోటే ఆ జలమార్గపు ఎగువ కొస అయింది.

చట్టంలో పేరు ఎక్కినంత మాత్రాన పడవ రాదు. కొత్తగా పడవ కట్టించదలచినవారు దాని పొడవు వెడల్పులకన్న ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: లోపల నిప్పు ఎక్కడ, లోపలి అమరిక ఎవరికోసం, రాత్రికి కట్టేది ఎక్కడ. ఈ మూడింటిలో చివరిదే మొదటిదని చరిత్ర సూచిస్తున్నది.

2. సన్నపడవ: లాకు కొలిచిన ఇల్లు

పడవను ఇల్లుగా మార్చుకోవడంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఇంగ్లండు సన్నపడవ. పద్దెనిమిదవ శతాబ్దపు కాలువల నిర్మాత జేమ్స్ బ్రిండ్లీ ఖర్చు, నీరు ఆదా చేయడానికి లాకులను సుమారు ఏడడుగుల వెడల్పుకు కుదించాడు. ఆ నిర్ణయంతో మధ్య ఇంగ్లండు కాలువల మీద తిరిగే పడవ ఏడడుగులకు లోపే ఉండవలసివచ్చింది. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా సాగింది. పడవ సన్నగా ఉండడం కట్టినవారి అభిరుచి కాదు, లాకు పెట్టిన కొలత.

మొదట్లో ఈ పడవలమీద కుటుంబాలు కాపురం ఉండేవి కావు. రైలు వచ్చి సరుకు రవాణా ధరలు పడిపోయాక, ఒడ్డున ఇంటికి అద్దె కట్టలేని పడవవాడు భార్యాబిడ్డలను పడవలోకి తెచ్చుకున్నాడు. కూలి లేని పనివారుగా వారే సహాయకులయ్యారు. వెనుకభాగాన పదడుగుల లోపు పొడవున్న గదిలో, తలుపు పక్కనే ఇనుప బొగ్గుపొయ్యి, దాని పక్క తెరిస్తే బల్లగా మారే అలమారా, అడ్డంగా వాల్చే పడక – ఇంతే సంసారం. ఆ పొయ్యి వంటకూ అదే, చలికీ అదే. 1877లో వచ్చిన కాలువ పడవల చట్టం ఈ గదులను నివాసాలుగా నమోదు చేయించి, ఒక్కో గదిలో ఎందరు ఉండవచ్చో నిర్ణయించింది. 1884లో దాన్ని బిగించారు.

నేటి సన్నపడవ ఉక్కుది. అడుగురేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైగది 4 మిల్లీమీటర్ల మందం అన్నది అక్కడి పడవ కట్టేవారి నోట మామూలుగా వినిపించే లెక్క. ఉక్కు చల్లబడితే లోపలి ఊపిరి తేమ నీరై గోడలమీద కారుతుంది. అందుకని గోడకూ చెక్కకూ నడుమ ఉష్ణనిరోధక పొర నింపుతారు. నింపితే గాలి రాకపోక తగ్గుతుంది, పొయ్యినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమవుతుంది, దానికి హెచ్చరిక గంట అమర్చాలి. ఒక సమస్యకు చేసిన మందు మరో సమస్యను తెచ్చే ఈ వరుసలో అన్నిటికన్న కఠినమైనది మాత్రం పొయ్యి కాదు, చోటు. 1995 నాటి చట్టం ప్రకారం స్థిరమైన కట్టుచోటు లేని పడవ ఒకచోట 14 రోజులకు మించి ఆగరాదు, సాగుతూ ఉండవలసిందే. ఇంటిని ఎంత చక్కగా అమర్చుకున్నా గుంజ లేనివాడు రెండు వారాలకొకసారి ఇల్లు కదల్చుకోవాలి.

3. పుట్టి: ఇంటికి తిరిగివచ్చే పడవ

ఇప్పుడు కృష్ణా తీరానికి వస్తే, పాలమూరు, నల్లగొండ ప్రజలకు తరతరాలుగా తెలిసిన పడవ పుట్టి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని పెద్ద గంప. బయట తోలు కప్పు. తర్వాతి కాలంలో తోలు స్థానంలో తారు పూసిన గుడ్డ, టార్పాలిన్, ప్లాస్టిక్ వచ్చాయి. విజయనగర కాలంలో ఇక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెజ్ తుంగభద్ర మీద ఇలాంటి గంపపడవలను చూసి, వాటిలో పదిహేను ఇరవైమంది పట్టేవారనీ, తెడ్డు వేస్తుంటే అవి గిరగిర తిరుగుతూ పోయేవనీ రాశాడు. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే వర్ణనలో ఇంకొక విలువైన వివరం ఉంది: ఎద్దుతోలు కప్పిన ఆ గంపల అడుగున కట్టెపుల్లల మోపులు పరిచి, వాటిమీద తివాచీ వేసి, సరుకు తడవకుండా పైన పెట్టేవారు. పుట్టి లోపలి అమరిక అంటే చరిత్రలో దొరికే ఆధారం ఇదే. కట్టెలు అక్కడ పొయ్యికి కావు, నీటికీ మూటకూ మధ్య ఎడం కోసం.

టావెర్నియే గోలకొండనుంచి తూర్పుగా సాగిన దారిలోని మజిలీలలో పంతంగి, పానగల్లులను పండితులు గుర్తించారు. పంతంగి నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోనే ఉంది. ఆ దారిన నడిచిన ఎడ్లబండికి ఏరు అడ్డంకి మాత్రమే. ఏరు దాటించేదే పుట్టి. 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరినప్పుడూ పరిస్థితి ఇదే. నది వెంట పయనం లేదు, నదిని అడ్డంగా దాటడమే ఉంది.

దీనికి కారణం ఏమిటి? పీఠభూమి నదులు ఓడలకు పనికిరావన్నది మామూలుగా చెప్పే జవాబు. రాతిపడకలు, వేసవిలో ఎండిన మడుగులు, వానాకాలపు పరవళ్లు – ఇవన్నీ నిజమే. కాని ఆ జవాబు పుట్టిని లోపంగా చూస్తుంది. పుట్టి నిర్మాణాన్ని దానికై అది చూస్తే వేరొక తర్కం కనిపిస్తుంది. తోలు నీటిలో నానితే కుళ్లుతుంది. కనుక తోలుపుట్టిని రేవులో కట్టి వదలడానికి వీల్లేదు. పని కాగానే ఒడ్డుకు లాగి, బోర్లించి, ఎండబెట్టాలి. ఒకరిద్దరు నెత్తిన పెట్టుకొని మోసుకుపోగల బరువే దానికి అందుకే ఉంది. నీటిమట్టం ఒక్కరోజులో మారిపోయే నదిలో గుంజ పాతిన చోటు మర్నాటికి వరద మధ్యలో ఉండవచ్చు, లేదా ఇసుకలో ఉండవచ్చు. కట్టవలసిన అవసరమే లేని పడవ అలాంటి నదికి తగినది. నీటిమీద రాత్రి గడపని పడవకు పొయ్యి అక్కరలేదు. తోలు అడుగుమీద నిప్పు పెట్టడం సాధ్యమూ కాదు. పడవవాడి పొయ్యి అతని గుడిసెలోనే ఉంది.

బల్లకట్టు కూడా ఈ తర్కానికే చెందుతుంది. మట్టపల్లి రేవులాంటి చోట్ల మనుషులనూ బండ్లనూ ఆవలి గుంటూరు ఒడ్డుకు చేర్చిన బల్లకట్టు, పేరులో ఉన్నట్టే బల్లలు పరిచిన కట్టు. దానికి గోడలు లేవు, గది లేదు. చెరువుల్లో బెస్తలు, ముదిరాజులు వాడే తెప్ప మరీ సులువు. నేడది చాలాచోట్ల థర్మోకోల్ పలక. భువనగిరి పెద్ద చెరువుకైనా, చిన్న కుంటకైనా ఈ తెప్ప చాలు.

4. డెల్టా పడవ: కదలని నీరు ఇచ్చిన వసతి

ఇదే కృష్ణ బెజవాడ దాటగానే పరిస్థితి మారుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. సర్ ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరూ, రవాణా రెండూ. అందుకే డెల్టా ప్రధాన కాలువలకు లాకులు అమరాయి. ఏలూరు కాలువ రెండు నదులనూ కలిపింది. దక్షిణాన కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువకు చేర్చింది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలువ, 1876–78 కరువు పనులతో నగరం నడిబొడ్డున అతుకు పడి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. కాకినాడనుంచి మద్రాసు దాటి దక్షిణంగా మరక్కాణం దాకా పడవ సాగే దారి ఏర్పడింది.

లాకు చేసే పని పడవను ఎక్కించడం, దించడం మాత్రమే అనుకుంటాం. దాని అసలు ఫలితం వేరు: రెండు లాకుల మధ్య నీటిమట్టం దాదాపు ఒకే తీరుగా నిలుస్తుంది. మట్టం నిలిస్తే గట్టు నిలుస్తుంది, గట్టు నిలిస్తే గుంజ నిలుస్తుంది. కాబట్టి డెల్టాలో పడవను రాత్రికి కట్టి, తెల్లవారి అక్కడే చూసుకోవచ్చు. చెక్కపడవ నీటిలో ఉండడమే మేలు. ఎండలో ఆరితే అతుకులు విచ్చుకుంటాయి. తోలు పుట్టికి ఏది చేటో చెక్కపడవకు అది క్షేమం. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ సాగకపోతే గట్టు వెంట నడుస్తూ మోకు లాగడం. మోకు లాగేవాడికీ గట్టే కావాలి.

ఇలా రాత్రింబవళ్లు సాగే పడవలో నిద్ర, వంట రెండూ చేరాయి. రహదారి పడవలకు ఎండవానలు ఆగే కప్పు ఉండేది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ అంతా ఒక రాత్రి కాలువ పడవ మీదనే నడవడం, ఆ పడవ అప్పటికే తెలుగు పాఠకుడికి ఎంత పరిచితమైన బసో తెలుపుతుంది. కాని ఇంగ్లండు గదికీ డెల్టా పడవ కప్పుకూ మౌలికమైన తేడా ఒకటుంది. అక్కడ పొయ్యి గది లోపల, తలుపు మూసుకొని. ఇక్కడ వేడి శత్రువు. కోరుకునేది నీడ, గాలి. నిప్పును కప్పుకిందికి తేవడం సుఖమూ కాదు, తాటాకు, కొయ్య, తాళ్ల మధ్య క్షేమమూ కాదు. సన్నపడవ అమరికను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే మొదట తలకిందులు చేయవలసింది ఈ ఒక్క విషయాన్నే.

డెల్టా పడవకు ఒక విరామం ఉండేది. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసేవారు. గుంజ ఉన్నా నీరు లేని ఆ వారాలే పడవకు మరమ్మతు కాలం. రేవుల మీద అధికారం, సుంకం, పడవల అనుమతి వంటివి 1890 నాటి మద్రాసు కాలువలు – రేవుల చట్టం పరిధిలోకి వచ్చాయి. ఇంగ్లండులో చట్టం పడవ లోపలి గదిని లెక్కపెట్టగా, ఇక్కడి చట్టం పడవ ఆగే చోటును, దాటే చోటును లెక్కపెట్టింది.

5. లాకులు లేని కాలువలు, లాకులు అక్కరలేని రైలు

నిజాం రాజ్యంలో కాలువలు లేవని కాదు. మూసీ మీద కత్వలు కట్టి మలిపిన ఆసిఫ్ నహర్, బునాదిగాని కాలువ, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి కాలువలు నేటికీ భువనగిరి, నల్లగొండ గ్రామాలకు నీరు పంచుతున్నవే. కాని వీటి ధర్మం చెరువు నింపడం. చెరువునుంచి చెరువుకు పల్లంగా దిగే కాలువకు పడవ గురించిన ఆలోచనతో పనిలేదు. ఎగువ గోదావరిలో నాగపూరు ప్రాంతపు పత్తి కోసం కాటన్, హెయిగ్ తలపెట్టిన నౌకాయానం దుమ్ముగూడెం దగ్గర పనులు సాగాక కూడా 1871లో ఆగిపోయింది. దాని వైఫల్యం తర్వాత పీఠభూమి మీద నీటిదారి ప్రతిపాదనలకు బలం తగ్గింది.

ఆ లోటును పూరించింది రైలు. సికింద్రాబాదునుంచి భువనగిరి, కాజీపేటల మీదుగా సాగిన దారి 1889లో బెజవాడ చేరింది. డెల్టా పడవలు దింపిన సరుకు అక్కడే రైలెక్కింది. అంతకుముందు కోస్తా ఉప్పు లంబాడీల ఎద్దుల మీద పైకి వచ్చేది. ఇంగ్లండులో రైలు పడవవాడి కుటుంబాన్ని పడవలోకి నెట్టింది. భువనగిరిలో రైలు తప్పించింది ఎద్దును, బండిని. ఇక్కడ పడవకు రైలుతో పోటీపడే అవకాశమే రాలేదు.

6. జలాశయాలు: లోతు వచ్చింది, గట్టు పోయింది

ఇరవయ్యవ శతాబ్దం రెండవ భాగంలో పీఠభూమికి లోతైన నీరు వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. 1980లలో శ్రీశైలం జలాశయం నిండి కొల్లాపూర్ ప్రాంతపు గ్రామాలను ముంచింది. రాళ్లమధ్య గంప తిప్పుకున్న చోట మైళ్ల వెడల్పున నీరు పరచుకుంది. పుట్టి తర్కం అక్కడితో చెల్లిపోయింది, కాని దాని స్థానంలో నిలవగల రేవు రాలేదు.

కారణం అంకెల్లోనే ఉంది. నాగార్జునసాగర్ పూర్తిమట్టం 590 అడుగులు, కనీస వినియోగమట్టం 510 అడుగులు. ఎనభై అడుగుల ఎత్తు తేడాలో ఒడ్డు ఎక్కడుందని చెప్పాలి? శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు. వేసవికి నీరు వెనక్కిపోతే మునిగిన గుళ్లు, బండలు బయటపడి, నిన్నటి రేవునుంచి నీటిదాకా బురదలో నడవాలి. డెల్టా కాలువలో లాకు కల్పించిన స్థిరత్వం ఇక్కడ లేదు. పుట్టిని మోసుకుపోయే వెసులుబాటు పెద్ద మరబోటుకు లేదు.

ఈ రెండింటి మధ్య జారిపడిన ఘటన 2007 జనవరి నాటిది. నెహ్రూనగర్, మంచాలకట్టల మధ్య కృష్ణ దాటుతూ పడవ మునిగి 61 మంది మరణించారు. సోమశిల – సిద్దేశ్వరం వంతెన కోర్కె ఆ తర్వాత ఉద్యమరూపం దాల్చింది. ఊళ్ల మధ్య బంధుత్వాలను జలాశయం విడదీసినా, పెళ్లికీ జాతరకూ దాటక తప్పని జనం, ఆ లోతుకు తగని పడవలో ఎక్కవలసివచ్చింది. దీనిని కేవలం పడవవాడి తప్పుగా చూడడం చరిత్రకు న్యాయం చేయదు. నీటిని మార్చినవారు రేవును మార్చలేదు.

7. వాడపల్లికి రాగల పడవ

2008 చట్టం ప్రకారం నాలుగవ జలమార్గంలో కృష్ణా భాగం 157 కిలోమీటర్లు. మొదటి దశ పనులకు ఎంచుకున్నది మాత్రం ముక్త్యాలనుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు. 2017 అక్టోబరులో వాటికి శంకుస్థాపన జరిగింది. ముక్త్యాలకు ఎగువన పులిచింతల ఆనకట్ట అడ్డంగా నిలిచి ఉంది. దాని పూర్తిమట్టం 175 అడుగులు. నల్లగొండ కొసనుంచి బయలుదేరే పడవ ఈ గోడను ఎలా దాటుతుందన్నది తేలనంతవరకు, వాడపల్లి పడవ పులిచింతల వెనుక నీటిలో తిరిగే పడవే అవుతుంది. ఇది చిన్న విషయం కాదు. బ్రిండ్లీ లాకు సన్నపడవను కొలిచినట్టే, పులిచింతల ఈ పడవను కొలుస్తుంది.

అలాంటి పడవకు అమరిక ఆలోచించేవారికి గోదావరి ఇటీవలి అనుభవం చేదుగానైనా పనికివస్తుంది. 2018 మేలో దేవీపట్నం దగ్గర పర్యాటక పడవలో మంటలు చెలరేగినప్పుడు దానిని ఒడ్డుకు చేర్చగలిగినందున ప్రయాణికులు బయటపడ్డారు. నిప్పు ఆర్పే సాధనం ఎంత ముఖ్యమో, మంట పుట్టినప్పుడు చేరగల ఒడ్డు అంత ముఖ్యం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదనీటిలో పడవ మునిగినప్పుడు కింది అరలో మూసిన గదిలో ఉన్నవారికి బయటి దారి దొరకడం కష్టమైంది. చలిదేశపు సన్నపడవ వెచ్చదనం కోసం గదిని మూసింది. ఇక్కడ చల్లదనం కోసం, ఏసీ కోసం అదే గదిని మూస్తున్నారు. డెల్టా రహదారి పడవ పక్కలు తెరిచి ఉంచడం పేదరికంవల్ల మాత్రమే కాదన్నది గమనించవలసిన విషయం.

కేరళలో 1990ల తర్వాత బియ్యం మోసిన కెట్టువళ్ళం విహార నౌకగా మారి, వంటగది, స్నానపుగది, పడకలు చేర్చుకుంది. దానిని చూసి కృష్ణమీద కూడా అలాంటివి తేవాలన్న ఉత్సాహం సహజం. అయితే కెట్టువళ్ళం తిరిగేది సముద్రమట్టానికి దగ్గరగా, పెద్దగా ఎత్తుతగ్గులు లేని వెనుకజలాల్లో. అంతటి నీటిలో కూడా మురుగు ఎక్కడ వదలాలన్నది వేంబనాడు సరస్సుకు తీరని చిక్కుగా నిలిచింది. వాడపల్లి దగ్గర మూసీ ఇప్పటికే హైదరాబాదు మురుగును మోసుకొస్తున్నది. ఒకప్పుడు వానకాలపు ఏరుగా ఉన్న మూసీ నగరం వదిలే నీటితో ఏడాది పొడవునా పారడం భువనగిరి రైతులు ఎరిగిన సంగతే. ఆ సంగమంలో కట్టబోయే పడవకు మురుగుతొట్టి, దానిని ఒడ్డున ఖాళీ చేసే ఏర్పాటు లేకుంటే పడకగది అలంకరణ గురించి మాట్లాడడం తొందరపాటు.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, యంత్రం లేని నౌకల నమోదును కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. పుట్టి నడిపేవారికి ఇది కాగితంమీద గుర్తింపు. ఆ గుర్తింపుకు అర్థం వచ్చేది, నీటితోపాటు పైకీ కిందికీ కదిలే తేలియాడే రేవు, ఆనకట్ట తలుపులు ఎత్తేముందు చేరే కబురు, వరదలో లంగరు పట్టే నేల దొరికినప్పుడే. పులిచింతల నీరు మట్టపల్లి ఒడ్డును తాకే కాలంలో ఆ ఒడ్డున ఎక్కడ గుంజ పాతవచ్చో, ఎక్కడ నేల జారుతుందో అక్కడ బల్లకట్టు నడిపినవారికి, వల వేసేవారికి తెలుసు. జలమార్గపు పటాలు గీసేటప్పుడు ఆ సమాచారాన్ని సేకరించే పని, రేవులు వంతెనలుగా మారిపోతున్న ఈ సంవత్సరాల్లోనే జరగవలసి ఉంది.